మా పాత మోటార్ సైకిల్ – చిన్న చిన్న రిపేర్లు

ఈసారి గోడపత్రికకు అందరూ పండుగల మీద, చెట్ల మీద రాస్తున్నరు. నేను మోటార్ సైకిల్ మీద రాస్తున్న. నవ్వకండి. పోయిన ఆదివారం మనల చూడడానికి వచ్చినోళ్ళ బండ్లు గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టిన. పదకొండు ఉన్నయి. అందులో తొమ్మిది పాతవే. కాబట్టి ఇది మీ ఇండ్లల్ల కూడా పనికొచ్చే సంగతే.

మాది ఏటూరునాగారం దిక్కు కోయగూడెం. అమ్మ, నాయిన పని కోసం సూరారం వచ్చి ఐదేండ్లయింది. సూరారం హైదరాబాదుకు ఉత్తరాన, బాలానగర్ నుంచి నర్సాపూర్ పోయే రోడ్డు మీద ఉంటుంది. అంతకుముందు రంగారెడ్డి జిల్లా, 2016 నుంచి మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా. పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ. నాయిన అక్కడ ఒక గోదాము దగ్గర రాత్రి వాచ్‌మన్. రాత్రి డ్యూటీకి పోవాలంటే ఆటో దొరకదు, దొరికితే కూలిలో సగం ఆటోకే. అందుకని పోయిన దసరాకు ముందు ఒకాయన దగ్గర 17 వేలకు సెకండ్ హ్యాండ్ బండి కొన్నడు. 5 వేలు చేతివి. 12 వేలు మేస్త్రి దగ్గర అప్పు. నెలకు పదిహేను వందలు కోసుకుంటరు.

బండి పేరు హీరో హోండా స్ప్లెండర్ ప్లస్, 2008 మోడల్. ఏపీ 28 నంబరు. అంటే రాష్ట్రం విడిపోక ముందు రంగారెడ్డి జిల్లాల రిజిస్టరైన బండి. హీరో వాళ్ళు, జపాన్ హోండా వాళ్ళు కలిసి 1985లో సీడీ 100 అనే బండి తెచ్చిండ్రు. 1994లో స్ప్లెండర్ వచ్చింది. 2010 చివర్ల ఆ రెండు కంపెనీలు విడిపోయినయి. అందుకే టాంకీ మీద హీరో హోండా అని రెండు పేర్లుంటే అది పాత బండి అని దూరం నుంచే చెప్పొచ్చు. (మన హైదరాబాదులో కూడా ఒకప్పుడు ఆల్విన్ కంపెనీ పుష్పక్ అని స్కూటర్ చేసిందట. ఇప్పుడు ఆ పేరు మీద ఆల్విన్ కాలనీ మాత్రం ఉంది.)

నేను సెలవులకు ఇంటికి పోయేసరికి బండి వచ్చి ఎనిమిది రోజులయింది. పొద్దున స్టార్ట్ చేయాలంటే ఇరవై కిక్కులు. పొగ నల్లగా. వాడకట్టు ఆడోళ్ళు బట్టలు ఆరేసుకోవాలంటే తిట్టేటోళ్ళు. నాయినతో పనిచేసే ఆయన బండి లీటరుకు 60 కిలోమీటర్లు పోతది, మాది 30 కూడా పోలేదు. నాయిన ఒక మెకానిక్‌కు చూపిస్తే ఆయన బండి ముందట నిలబడి, ఒక్క స్క్రూ కూడా విప్పకుండ, "బోరు పోయింది. ఇంజన్ దించాలె. ఆరు వేలు" అన్నడు. ఆరు వేలు ఎక్కడియి? అమ్మ బండి అమ్మేయమన్నది. ఆ మాట అన్న రోజు రాత్రే బండి నర్సాపూర్ రోడ్డు నడిమధ్యల ఆగిపోయింది. వెనుక లారీ. లారీ డ్రైవర్ బ్రేకు కొట్టిండు కాబట్టి నాయిన పొద్దున ఇంటికి వచ్చిండు. వచ్చి ఏం చెప్పలే. చేతులు మాత్రం వణుకుతున్నయి. టీ గ్లాసుల నుంచి టీ కింద పడ్డది.

ఆదివారం మా మామ వచ్చిండు. అమ్మకు తమ్ముడు, జీడిమెట్లల లేత్ షాపుల పనిచేస్తడు. ఆయన బండి చుట్టూ తిరిగి, సీటు కింద ఉన్న సంచి తీసిండు. అందులో రెండు పానాలు, ప్లగ్గు పానా, ఒక నూనె మరకల పుస్తకం ఉన్నయి. అది బండి పుస్తకం, ఇంగ్లీషుల ఉన్నది. మామ మూడో తరగతి దాకా చదివిండు. నాయిన బడికే పోలేదు. "ఇగో కోడలా, నువ్వు చదువు, నేను విప్పుత" అన్నడు మామ. నాకు కూడా అన్ని మాటలు తెలియవు. కానీ బొమ్మలు, అంకెలు తెలుస్తయి. అట్ల మొదలయింది.

ఇంజన్ అంటే ఏమిటో ముందు చెప్తాను. మన పొయ్యి అనుకోండి. పొయ్యికి కట్టె కావాలి, గాలి కావాలి, అగ్గిపుల్ల కావాలి. ఇంజనుకు కట్టె బదులు పెట్రోలు, అగ్గిపుల్ల బదులు ప్లగ్గు. గాలి మాత్రం అదే గాలి. గొట్టం లాంటి సిలిండరులో పిస్టన్ కిందికీ పైకీ ఆడుతుంది. కిందికి దిగినప్పుడు గాలి, పెట్రోలు కలిసి లోపలికి వస్తయి. పైకి పోయినప్పుడు అదంతా సుమారు తొమ్మిదో వంతుకు అణుగుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పు వేస్తుంది, మంట పిస్టన్‌ను కిందికి తన్నుతుంది. మళ్ళీ పైకి పోయినప్పుడు పొగ బయటికి. మొత్తం నాలుగు ఆటలు. జర్మనీలో ఆటో అనే ఆయన 1876లో ఇట్ల నడిచే ఇంజన్ చేసిండు. మా బండి సిలిండరులో పిస్టన్ తిరిగే జాగ 97.2 సి.సి. అంటే ఒక చిన్న టీ గ్లాసు పట్టేంత. అంత చిన్న జాగల మండే మంట మా అమ్మను, నాయినను, బియ్యం మూటను లాగుతది! నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఒక గ్రాము పెట్రోలు మంచిగ కాలాలంటే 14, 15 గ్రాముల గాలి కావాలి. గాలి తక్కువైతే ఏమైతది? పొయ్యిల కట్టెలు కుక్కి, ఊదకుండ వదిలేస్తే ఏమైతదో అదే. నల్ల పొగ.

మామ చెప్పిన ముఖ్యమైన మాట ఇక్కడ ఉంది. పొగ రంగు చూడాలి. పొగ నల్లగా ఉండి పెట్రోలు వాసన వస్తే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. అది చిన్న రిపేరు. పొగ నీలంగా ఉండి, ఆయిల్ మాడిన వాసన వస్తే ఇంజన్ ఆయిల్ లోపలికి పోయి కాలుతున్నదని అర్థం. అప్పుడు బోరు, రింగులు, వాల్వు సీళ్ళు అనుమానించాలి, అది పెద్ద రిపేరు. చలికాలం పొద్దున కొంచెంసేపు తెల్ల ఆవిరి వచ్చి ఆగిపోతే అది నీటి ఆవిరి, దానికి భయం లేదు. మా బండిది నల్ల పొగ. ఇంకో పరీక్ష కూడా చేసిండు. బండి ఆపి ఉన్నప్పుడు కిక్కు రాడ్‌ను చేత్తో మెల్లగా కిందికి నొక్కమన్నడు. ఒకచోట గట్టిగా ఎదురు తన్నింది. బోరు పూర్తిగా పోయిన బండిలో అంత గట్టిగా తన్నదు. "ఇంజన్ దించొద్దు బావా, ముందు ముక్కు చూద్దాం" అన్నడు.

ముక్కు అంటే ఎయిర్ ఫిల్టరు. పక్క కవరు విప్పి తీస్తే దాని మడతల నిండా మట్టి, ఒక పురుగుల గూడు కూడా! సిమెంటు లారీలు, కంకర లారీలు తిరిగే రోడ్డు కదా. మా బండికి ఉన్నది కాగితంలాంటి ఫిల్టరు. దానిని కడగకూడదు, కొత్తది వేయాలి. కొన్ని పాత బండ్లకు స్పాంజి ఉంటుంది. దాన్నైతే కడిగి, ఆరబెట్టి, పలుచగా ఆయిల్ పట్టించి, పిండి పెట్టవచ్చు. ఫిల్టరు లేకుండ బండి నడపొద్దు. మట్టి లోపలికి పోతే అప్పుడు నిజంగానే బోరు పోతుంది.

తర్వాత చోకు. కార్బొరేటరు పక్కన చిన్న మీట ఉంటుంది. చల్లటి ఇంజను స్టార్ట్ కావడానికి దానిని లేపితే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోతుంది. స్టార్ట్ అయి వేడెక్కినంక దించాలి. మా బండిలో ఆ మీట వదులై, దించినా అదంతటదే సగం లేచి ఉంటున్నది. అంటే ఎనిమిది రోజులు నాయిన చోకు మీదనే బండి నడిపిండు. మామ దాని స్క్రూ బిగించిండు, అంతే. రూపాయి కాలేదు.

ప్లగ్గు విప్పేటప్పుడు ఇంజను చల్లగా ఉండాలి. ముందు చుట్టుపక్కల మట్టి తుడవాలి, లేకుంటే ఆ మట్టి రంధ్రంలో పడుతుంది. మంచి ప్లగ్గు కొన గోధుమ రంగులో ఉంటుంది. మాది పొడి మసితో కుంపటి అడుగులాగ ఉంది. ఆయిల్ జిడ్డు లేదు. ఇదీ నల్ల పొగ చెప్పిన మాటే. ఇత్తడి బ్రష్షుతో తుడిచినం. కొన దగ్గర రెండు ఇనుములకు మధ్య సందు ఉంటుంది, నిప్పు అక్కడ దూకుతుంది. పుస్తకంలో నేను చదివిన, 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలని. అంత సన్నంగ ఎట్లా కొలవాలి? మన స్కేలు మీద ఒక మిల్లీమీటరే చిన్నది. మామ నవ్వి, ఇనుము కోసే యాక్సా బ్లేడు ముక్క తెచ్చిండు. దాని పండ్లు లేని వీపు దిక్కు మందం కూడా 0.6 మిల్లీమీటర్ల పైచిలుకే! సందులో అది జారీ జారనట్టు పోవాలి. మామకు అంకె తెలియదు, బ్లేడు తెలుసు. నాకు అంకె తెలుసు, బ్లేడు తెలియదు.

నిప్పు వస్తుందో లేదో చూడడానికి ప్లగ్గును దాని టోపీకి తగిలించి, ఇంజన్ ఇనుముకు ఆనించి, కిక్కు కొట్టాలి. నీలం నిప్పు టకటకా దూకాలి. టోపీ రబ్బరు పట్టుకోవాలి, ఇనుము పట్టుకుంటే షాక్ కొడుతుంది. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టాలి, దగ్గర పెడితే పెట్రోలు ఆవిరి అంటుకోవచ్చు. దీనికి పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.

మరి బండి రోడ్డు మధ్యల ఎందుకు ఆగింది? దీనికి జవాబు కార్బొరేటరు అడుగున దొరికింది. అక్కడ గిన్నెలాగ ఉంటుంది, దానికింద ఒక స్క్రూ. పెట్రోలు నాబు మూసి, ఆ స్క్రూ వదులు చేసి, వచ్చిన పెట్రోలును గాజు సీసాల పట్టినం. సరిగ్గా అప్పుడే నాయిన బీడీ తీసి అగ్గిపుల్ల గీయబోయిండు. మామ అరిచిన అరుపుకు పక్కింటోళ్ళు కూడా బయటికి వచ్చిండ్రు. పెట్రోలు ఆవిరి కంటికి కనబడదు, నేల మీద పాకుతూ దూరం పోయి అంటుకుంటుంది. బీడీ, పొయ్యి, దీపం ఏదీ దగ్గర ఉండొద్దు.

సీసాను కొద్దిసేపు కదలకుండ పెడితే అడుగున వేరే పొర తేలింది. అందులో గోలీల్లాగ నీళ్ళ చుక్కలు, ఎర్ర తుప్పు. నీరు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుగుకు పోయింది. మన పుస్తకంలో సాంద్రత పాఠం ఉంది కదా, అదే. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నరు. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. పాత టాంకీ, వాన నీళ్ళు దిగే మూత, ఎక్కువ రోజులు నిలిపిన బండి ఇవన్నీ కలిస్తే ఇట్ల అవుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ నీటి చుక్క సన్న రంధ్రానికి అడ్డం పడితే బండి ఆగుతుంది. రంధ్రం ఎంత సన్నంగ అంటే సూది మొన కూడా పెట్టొద్దు, పెడితే పెద్దదైపోతుంది. మేము గిన్నె ఖాళీ చేసినం, టాంకీ అడుగు పెట్రోలు తీసేసినం, మూత రబ్బరు మార్చినం. ఇంకో సంగతి, బండిని ఎప్పుడూ రిజర్వులో నడిపితే అడుగు తుప్పంతా గుంజుకుంటుంది. నాయిన యాభై రూపాయల పెట్రోలు పోసుకుంటూ రిజర్వులోనే నడిపేటోడు. పైసలు లేనోళ్ళ బండికి ఆ రోగం తొందరగా వస్తది.

నాలుగో కిక్కుకు స్టార్ట్ అయింది. పొగ రెండు నిమిషాలు నల్లగా వచ్చి తగ్గిపోయింది. అమ్మ మాట్లాడలేదు కానీ మామకు కోడిగుడ్లు వండింది.

ఇక బ్రేకుల సంగతి. నడిచే బండి కన్నా ఆగే బండి ముఖ్యం అని మామ అంటడు. వెనుక బ్రేకు కాలితో తొక్కితే రెండు, మూడు సెంటీమీటర్లు వట్టిగా దిగి తర్వాత పట్టుకోవాలి. మాది నేలకు తగిలేదాకా దిగింది. వెనుక చక్రం దగ్గర బ్రేకు రాడ్ చివర ఒక నట్టు ఉంటుంది. దాన్ని తిప్పితే బిగుస్తుంది. బిగించినంక చక్రం లేపి తిప్పి చూడాలి, రాసుకోకుండ తిరగాలి. అయితే ఎప్పటిదాకా బిగించొచ్చు? చక్రం నడుమ రేకు మీద ఒక చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు ఆ బాణం ఎదుటి గీతకు చేరితే లోపలి బ్రేకు షూ అరిగిపోయిందని అర్థం. అప్పుడు నట్టు బిగించడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. మాది గీత దాటింది. ఈ పని మేము చేయలేదు. దుకాణంలో షూలు వేయించినం. షూ తీసినప్పుడు వచ్చే దుమ్మును నోటితో ఊదకూడదు. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు చెడుపు.

చైను దగ్గర తప్పు చేసింది నేనే. అది గలగల కొట్టుకుంటున్నది. చైను కవరుకు ఒక రబ్బరు బిరడా ఉంటుంది. అది తీసి వేలితో పైకీ కిందికీ కదిలించి చూడాలి. సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఊగాలి. మాది ఐదు ఊగింది. చక్రం ఇరుసు నట్టు వదులు చేసి, రెండు పక్కల బిగించే నట్లు ఉంటయి, వాటిని తిప్పాలి. మామ నీళ్ళు తాగడానికి పోయినప్పుడు నేను ఉత్సాహంగ వీణ తీగలాగ బిగించిన. చప్పుడే లేదు, నాకు సంతోషమయింది. అమ్మ వెనుక కూర్చోగానే కర్ర్... అని మూలిగింది. ఎందుకంటే మనుషులు కూర్చుంటే వెనుక చక్రం పైకి లేచి చైను ఇంకా గుంజుకుంటుంది. ఆ ఊగే జాగ మనుషుల బరువు కోసమే. బిగువు ఎక్కువైతే బేరింగులు పోతయి, చైను కూడా తెగొచ్చు. మళ్ళీ వదులు చేసినం. రెండు పక్కల గీతల గుర్తులు సమానంగా ఉండాలి, లేకుంటే చక్రం వంకర నడుస్తుంది. డీజిల్ గుడ్డతో తుడిచి నూనె వేసినం. ఇవన్నీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడే చేయాలి. ఇంజన్ నడుస్తుంటే చైను దగ్గరికి వేలు గానీ, చున్నీ గానీ పోవద్దు. ఆడపిల్లలం కదా, జడ కూడా ముడి వేసుకోవాలి.

ఇంజన్ ఆయిల్ తారులాగ ఉంటే మార్చినం. 900 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి. బండిని నడుమ స్టాండు మీద నిలబెట్టి, ఆయిల్ పుల్ల తుడిచి, మర తిప్పకుండ ఊరికే దింపి చూడాలి. రెండు గీతల మధ్య ఉండాలి. పాత ఆయిల్ మోరీల పోయొద్దని మామ డబ్బాల పట్టి దుకాణంలో ఇచ్చిండు. మా దిక్కు మోరీ నీళ్ళు చివరకు చెరువులకే పోతయి. పది రోజుల తర్వాత మళ్ళీ పుల్ల చూసినం. గీత దిగలేదు. బోరు పోయిన బండైతే ఆయిల్ తాగేది. ఆరు వేల మాట అబద్ధమని నాయిన అప్పుడు నమ్మిండు.

క్లచ్ వైరులో నూనె చుక్కలు వేసినం. క్లచ్ పట్టీ చివర ఒకటి, రెండు సెంటీమీటర్లు వదులు ఉండాలి. వైరులో ఒక్క పోగు తెగినా మార్చాలి, అది దారిలోనే తెగుతుంది. హారన్ పిల్లి అరిచినట్టు ఉంటే బ్యాటరీ తక్కువైందని అర్థం. కిక్కుతో ఇంజను స్టార్ట్ కావడానికి మా బండికి బ్యాటరీ అక్కర లేదు, నిప్పు కరెంటు ఇంజనే తయారు చేసుకుంటుంది. అందుకే బండి నడుస్తుంది కాబట్టి బ్యాటరీ మంచిదే అనుకోవద్దు. ఫ్యూజు పోతే అదే నంబరుది వేయాలి, వైరు ముక్క చుట్టొద్దు. కాలిపోతుంది. గాలి ముందు 25, ఒక్కరే పోతే వెనుక 28.

ఒక ముచ్చట. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన కొత్త బండ్లల్ల చాలావాటికి కార్బొరేటరు లేదు, దాని బదులు ఇంజెక్షన్ ఉంటుంది, పెట్రోలును కంప్యూటరు లాంటి డబ్బా కొలిచి పోస్తుంది. వాటిని ఇట్ల విప్పొద్దు. నేను రాసింది పాత బండ్లకే.

కాయితాలు కూడా రిపేరు లాంటివే. ఆర్.సి. మొదట 15 ఏండ్లకే ఉంటుంది, తర్వాత ఐదేసి ఏండ్లకు మళ్ళీ చేయించాలి. మా బండిది 2028 దాకా ఉంది. కానీ ఇంకా అమ్మినాయన పేరు మీదనే ఉన్నది. 29, 30 నంబర్ల ఫారాలు ఇద్దరూ సంతకం చేసి ఇవ్వాలి. పేరు మారకముందు ఏదన్న ప్రమాదం అయితే ఇద్దరికీ తిప్పలే. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్.సి.లో ఉన్నవేనా అని కొనకముందే చూడాలి. నాయిన చూడలేదు, నేను సెలవుల్లో ఒక్కొక్క అంకె చదివి సరిచూసిన. సరిపోయినయి. నాయిన తన సంతకం నేర్చుకుంటున్నడు, ఆ ఫారాల మీద వేలిముద్ర వేయనంటడు.

మొత్తం ఖర్చు ఫిల్టరు, ప్లగ్గు, మూత రబ్బరు, ఆయిల్, బ్రేకు షూలు, కూలి కలిపి 1,140 రూపాయలు. ముందు టైరు ఇంకా మార్చలేదు. నున్నగా అరిగింది. బండి మీద మేడారం పోదాం అని నాయిన అంటే ఆ టైరు చూపించి, బస్సుకే పోదాం అన్న. సంక్రాంతి కూలి పైసలతో టైరు కొంటం.

మా బండి పాత ప్లగ్గును, యాక్సా బ్లేడు ముక్కను ఈ కాగితం కింద దారంతో కట్టిన. చూడాలనుకున్నోళ్ళు చూడొచ్చు. మసి ఇంకా ఉన్నది, ముట్టుకున్న చేతులు యూనిఫాంకు తుడవకండి. బ్లేడు పండ్ల దిక్కు పట్టుకోవద్దు.

– 9వ తరగతి విద్యార్థిని